ఉమ్మడి గోడ మీది దూలం

"దూలం దించప్పా గోపన్నా," అన్నాడు ఏసేపు. "ఆ గోడ నాది గూడా."

దూలం ఒక కొన అప్పటికే గోడకు ఆనింది. మేస్త్రీ గోపన్న, మిద్దె కట్టిస్తున్న లేవి వైపు చూశాడు. లేవి దించమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఏసేపు లేవికి అన్న. తండ్రి పోయాక ఇద్దరూ ఇల్లు పంచుకున్నారు. నడిమి గోడ ఉమ్మడిగా మిగిలింది. దాని మీద ఒకరు దూలం పెట్టాలంటే రెండోవారు ఒప్పుకోవాలి. ఊళ్లో అది కట్టుబాటు.

లేవి భార్య ప్రేమమ్మ కొంగు బిగించి బయటికి వచ్చింది.

"ఏం బావా, పైన బోద కప్పు పీకేటప్పుడు చూస్తా ఊరకుంటివే. నెత్తిన నీడ లేకుండా పోయినాంక చెప్పేదా?"

"గోడ పగిలుండాది. బరువు మోయదు."

"పగిలింది గోడ కాదులే. తమ్ముడు మలయాకు పోతాండాడని నీ కడుపు."

ఏసేపు లోపలికి పోయాడు.

లేవి మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. ప్రేమమ్మ అక్క సంతోషమ్మ భర్తదీ అదే పని, కాకపోతే మలయాలో, రబ్బరు తోటల ఆసుపత్రిలో. ఆయన పోయి నాలుగేళ్లయింది. కోయిలకుంట్లలో సంతోషమ్మకు నాపరాళ్ల మిద్దె లేచింది. కిందటి క్రిస్మసుకు పోయినప్పుడు ప్రేమమ్మ ఆ మిద్దె ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. లేవి కిందనే కూర్చున్నాడు. సంతోషమ్మ కూతురు గోడకున్న తండ్రి ఫోటోకు ముద్ద చూపించి "తిను నాయనా" అంటుంటే చూస్తూ ఉన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో ప్రేమమ్మ అడిగింది.

"ఆయప్ప చేసే పని నువ్వు చేయల్యావా?"

"చేస్తా," అన్నాడు లేవి. పాసుపోర్టుకు అర్జీ పెట్టాడు.

అర్జీ తాలూకా కచేరి నుంచి రెండుసార్లు వెనక్కి వచ్చింది. రెండుసార్లూ అడ్డం చెప్పింది ఏసేపే. ముసలి తల్లిని ఎవరు సాకాలన్నాడు. తాను సాకుతానని ప్రేమమ్మ మునసబు ముందర వేలిముద్ర వేసింది. చేను ఇంకా ఇద్దరి పేరనే ఉందన్నాడు. ఆమె కరణం చుట్టూ తిరిగి పేర్లు విడదీయించింది. ఇప్పుడు గోడ.

మునసబు రెడ్డి లేవినీ ప్రేమమ్మనూ అరుగు కింద నిలబెట్టి మాట్లాడాడు.

"అన్నదమ్ములకు తగవుంటే, అడ్డమేం లేదని నేనెట్ల రాసేది లేవీ? పైన మళ్లీ తిప్పి పంపుతారు. గోడ సంగతి తీర్చుకోని రాండి."

"ఈ నెల దాటితే మద్రాసు ఏజెంటు ఆ మలయా పని ఇంగొకరికిస్తాడంట రెడ్డీ," అంది ప్రేమమ్మ.

"నన్నడిగితే ఏముండాది? మీ బావనడుగు."

దారిలో ఆమె మొగుణ్ణి నిలేసింది.

"నీకు నోరు ల్యాదా? అన్నను ఒక మాట అడగల్యావా?"

"పెద్దోడు గదా."

"పెద్దోడైతే ఓర్వలేనితనం ఉండదా? మా అక్క మిద్దె మీద వడియాలు పెడతాంటే, నేను ఈడ పొగ మింగుతా సావల్నా?"

లేవి ఆమెను దాటి నడిచాడు.

సాయంత్రం ప్రేమమ్మ ఒక్కతే ఏసేపు ఇంటికి పోయింది. అతను గడపలో కూర్చుని పగ్గం పేనుతున్నాడు. భార్య ఓబులమ్మ జొన్నలు చెరుగుతోంది.

"బావా, నీ గోడ జోలికి రాను. మా పక్కన వేరే గోడ లేపుకుంటా. ఇల్లు మూరెడు ఇరుకైనా కానీ."

ఏసేపు చేతిలో పగ్గం ఆగింది.

"శానా ఖర్చమ్మా."

"నా కమ్మలుండాయి."

ఓబులమ్మ చేట కింద పెట్టింది. "ఒప్పుకోరాదా? బాయికాడ ఆడోళ్లంతా నన్ను ఓర్వలేనోడి పెండ్లామంటాండారు. నేను నీళ్లకు పోయేది ఎట్ల?"

ఏసేపు పగ్గం చుట్టి పక్కన పెట్టాడు.

"సరేలే. రేపు మునసబుకు చెప్తా."

ప్రేమమ్మ అక్కడి నుంచి నేరుగా గోపన్న దగ్గరికి పోయింది. కొత్త గోడకు తెల్లారి దారం పట్టి గుర్తు పెట్టమంది. మిద్దె మెట్లు వీధి వైపే రావాలంది. అక్క వస్తే మొదట అవే కనపడాలి. ఇంటికి వచ్చి లేవికి సంగతి చెప్పి, ట్రంకు పెట్టె దించి దుమ్ము తుడవడానికి కూర్చుంది.

లేవి ఎద్దులకు మేత తెస్తానని చేని వైపు నడిచాడు. ఏసేపు గడ్డివామి దగ్గర నిలబడి ఉన్నాడు. తమ్ముడు దగ్గరికి వచ్చేదాకా ఆగాడు. దారిలో ఇంకెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంగ ఏం అడ్డం చెప్పమంటావు లేవీ?"