బొట్టు పెట్టే ముందు

సముద్రపు నీటిని మంచినీళ్లు చేసి ఊరంతటికీ పంపే కంప్యూటరు ముప్పై రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆగలేదు. ఇవాళ పొద్దున్నే ఆగింది. వీధుల్లో బిందెలు బారులు తీరాయి. మరమ్మతులు చేసే రోబో గదంతా గాలించి, ఏ భాగమూ పాడవలేదని మూడోసారి చెప్పింది.

“పాడవకపోతే నీళ్లేవీ?” అంది ఇంజనీరు స్రవంతి.

గుమ్మం దగ్గర ఊడుస్తున్న నూకాలు చీపురు ఆపింది. “దసరాకి దీనికి పూజ మానిపించి నాలుగేళ్లయినాది గదమ్మా. పసుపూ కుంకుమా గదిలోకి తేకూడదన్నారు.”

ఆ కట్టడి పెట్టింది స్రవంతే. “ఇప్పుడు చేసెయ్ నూకాలప్పా,” అంది నీరసంగా.

నూకాలు పాత నూలు చీర ముక్క తెచ్చింది. బొట్టు పెట్టే ముందు తుడవడం ఆమె అలవాటు. ఒక్కో తీగ కొస ఊడదీసి, ఉప్పుగాలికి పట్టిన చిలుము పోయేదాకా తుడిచి, పైన బొట్టు పెట్టి, తిరిగి దాని చోట టక్కుమనేదాకా నొక్కింది. పదిహేడో తీగ నొక్కగానే పంపులు గుర్రుమన్నాయి. కాసేపటికి కిటికీలోంచి బిందెల చప్పుడు, నవ్వులు వినిపించాయి.

స్రవంతి ఆ గుడ్డ అందుకుని చూసింది. చిలుముతో ఆకుపచ్చగా ఉంది.

“ఇన్నాళ్లూ దీన్ని నడిపించింది నువ్వా అప్పా,” అంటూ ఆమెను కావలించుకుంది.

రోబో దగ్గరికొచ్చింది. “నా మెడ వెనక తీగ కూడా వదులుగా ఉంది,” అంది మెల్లగా.

“ముందే సెప్పొద్దేటి? కూకో,” అంది నూకాలు.

రోబో కూర్చుంది. మెడ తిప్పకుండా, ముందు బొట్టు కోసం నుదురు చూపింది.