వినికిడి పరీక్ష

“మళ్లీ వచ్చింది,” అంటూ ఆమె పాట ఆపేసింది. గాయని గొంతు వెనక ఎక్కడో సన్నగా చిటుక్కుమంది.

సినిమాలనూ పాటలనూ జనం ఫోన్లకు చేరవేసే ఆ సంస్థలో, పంపే ముందు ప్రతిదాన్నీ విని నాణ్యతకు మార్కులు వేయడం ఆమె పని. పాము చెవులని ఆఫీసంతా పేరు. ఈమధ్య అదే పని చేయడానికి బీరువాలంత యంత్రాలను తెచ్చి ఆమె గది పై అంతస్తులో దింపారు. చప్పుడుందని ఆమె వెనక్కి పంపిన ప్రతి పాటకూ అవి నూటికి నూరు వేస్తున్నాయి.

మేనేజరు ఆమెకంటే చిన్నవాడు. విసుగు పైకి కనపడనీయకుండా, ఒకసారి విన్నచోట ఆ చప్పుడు రెండోసారి ఎందుకు రావడం లేదని అడిగాడు.

“అక్కా, ఒకసారి చెవులు చూపించుకోండి,” అన్నాడు చివరికి.

ఆ మాట ఎలా పాకిందో గానీ, సాయంత్రానికల్లా పక్క గదులవాళ్లు ఆమెతో గట్టిగట్టిగా మాట్లాడసాగారు.

ఆమెకు తన తల్లి గుర్తొచ్చింది. ఆవిడకు ఈ వయసులోనే చెవిలో లేనిపోని చప్పుళ్లు మొదలై, ఆఖరికి పిల్లల గొంతులు కూడా వినపడకుండా పోయాయి. ఇంటికెళ్లి అదే పాట పెట్టుకుంది. శుభ్రంగా ఉంది. అంటే తను విన్నది పాటలో లేదు. నేను పిలిస్తే ఎప్పుడూ వినపడదుగా, ఇందులో కొత్తేముందని భర్త నవ్వించబోయాడు. ఆమె నవ్వకపోయేసరికి తనే వెంటబెట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, చెవుల్లో ఏ లోపమూ లేదని తేల్చాడు.

మర్నాడు ఆ సంగతి విన్న మేనేజరు, తనే స్వయంగా వింటానని ఆమె గదిలోకి వచ్చాడు. తలుపు మూస్తే బయటి సందడి ఏమాత్రం చొరబడని గది అది. ఇద్దరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. పాట సగంలో ఉండగా చిటుక్కుమంది. ఈసారి వరసగా.

అతని ముఖం మారింది. “నాకూ వినపడింది,” అన్నాడు.

ఆమెకు ప్రాణం లేచివచ్చింది. చెవులు నిలబడ్డాయి, ఉద్యోగం నిలబడింది. ఇక అది ఏ చరణంలో ఉందో చూద్దామని పాట ఆపింది.

చప్పుడు ఆగలేదు.

హెడ్‌ఫోన్స్ తీసేసింది. ఇంకా దగ్గరగా వినపడింది. ఆమె చేతిమీద సన్నగా సున్నం రాలింది.

పైకప్పు చిట్లుతోంది.