తిప్పని లేసు

"బంతి నువ్వే పట్టుకోవయ్యా లోమాక్స్," అన్నాడు కోచ్ డెల్విన్. "రోజూ పట్టేవాడి వేలు విరిగిందాయె."

లోమాక్స్‌కి ఒళ్లు మండిపోయింది. తన పొట్ట కొట్టడానికి వచ్చిన కుర్రాడు తన్నే బంతిని తనే నేలకి మోకాలు ఆనించి నిలబెట్టాలట! ఇన్నేళ్లుగా ఈ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి కిక్కర్, అంటే బంతిని స్తంభాల మధ్యకి తన్నేవాడు, తను. నలభై గజాల లోపు తను తన్నాడంటే బంతి రెండు స్తంభాల మధ్య నుంచి పోయినట్టే, తలెత్తి చూసే పని లేదు. మొన్న ఆదివారం అరవై గజాల నుంచి తన్నమన్నారు. అందలేదు. మంగళవారానికల్లా ఈ ప్రూయిట్‌గాడు బ్యాగుతో దిగాడు.

"నా గురి సంగతి మీకు తెలీదా కోచ్?"

"గురి ఒక్కటే ఉంటే ఈ రోజుల్లో ఆట నడవదయ్యా. అందరికీ దూరం కావాలి. కానీ, పట్టు."

ముందు ముప్పై గజాలు. ప్రూయిట్ మూడు తన్నితే రెండు పక్కకు పోయాయి. లోమాక్స్ లోపల్లోపల నవ్వుకున్నాడు. కోచ్ మొహంలో మాత్రం మార్పు లేదు.

"అరవైకి జరగండి."

ఈసారి బంతి స్తంభాల నడుమ నుంచి దూసుకెళ్లి ఎక్కడో పడింది. లోమాక్స్ బంతి పడ్డ చోటికేసి చూశాడు. ఈ వయసులో తనని ఇంకే జట్టు పిలుస్తుంది? తన్నడం తప్ప తనకి వచ్చిందేముంది?

బంతి నిలబెట్టేవాడు దాని ఒక పక్కన కుట్టిన లేసుని స్తంభాల వైపు తిప్పి పట్టాలి. లేసు కాలికి తగిలితే బంతి దారి తప్పుతుంది. తర్వాతి బంతికి లోమాక్స్ లేసు తిప్పలేదు. కోచ్ నిలబడ్డ చోటికి అది కనబడదు. తన్నేవాడికి కనబడుతుంది.

బంతి ఎడమకు పోయింది. ఆ తర్వాతిదీ అంతే. ఆ తర్వాతిదీ అంతే.

"ఏరా, బంతి సరిగ్గానే పట్టాడా?" కోచ్ అడిగాడు.

ప్రూయిట్ లోమాక్స్ కళ్లలోకి చూశాడు. బంతి పట్టినవాడి మీద నేరం మోపడం కన్నా నీచం కిక్కర్లకి ఇంకోటి లేదు.

"బాగానే పట్టాడు కోచ్. నా కాలిదే తప్పు."

కోచ్ తల అడ్డంగా ఊపాడు. ప్రూయిట్ బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. లోమాక్స్‌కి సిగ్గనిపించింది. అయినా సరే, బతికి బయటపడ్డాననుకున్నాడు.

కోచ్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"వాడు కుదిరాక చెబుదామనుకున్నానయ్యా. దూరానికి వాడు, దగ్గరికి నువ్వు అని పైవాళ్లని బతిమాలి ఒప్పించాను. వాడు పోయాడుగా, ఇక దూరం, గురి రెండూ ఉన్నవాణ్ణి ఒక్కణ్ణే తెచ్చుకోక తప్పదు... నువ్వూ సామాను సర్దుకో."