ఫ్యాను బంద్ చెయ్యుండ్రి

ఆ రోజుల్లో కరీంనగర్‌లో ఆదివారం వస్తే ఇంటింటా బల్ల చుట్టూ చేరి, తలా ఒక వేషం కట్టుకుని, పాచికలు వేస్తూ సాహసాల ఆట ఆడేవారు. బల్ల మీది యంత్రం మాటలన్నీ విని కథగా రాసేది. ఆ కథలను పుస్తకాలుగా అచ్చువేసే ఆఫీసులో, అందులోంచి చాయ్, దగ్గు, దోమల ముచ్చట్లు ఏరిపారేయడం నీలవేణి ఉద్యోగం. పదకొండేళ్లు విని విని ఆమెకు మనుషుల గొంతులంటేనే విసుగు పుట్టింది.

ఆ సోమవారం సుహాసిని అనే అమ్మాయి వచ్చి, అచ్చయిన పుస్తకం ఆమె ముందు పెట్టింది.

"మేడం, దీంట్ల మా బాపు లేడు."

నీలవేణి నీరసంగా పేజీలు తిప్పింది. "మీ బాపు ఏసింది అగ్నిసేనుడి వేషమే గదమ్మా? పేజీ పేజీకి ఉన్నడు."

"అగ్నిసేనుడున్నడు. బాపు లేడు. ఆయన పోయి ఆర్నెల్లయింది. ఆయన మాటలు ఒక్కొక్కటే మర్చిపోతున్న. మీరు తీసేసినయి ఇయ్యరాదుండ్రి?"

"అవి ఆ రోజే చెరిపేస్తరమ్మా. ఏం మిగలయి."

అమ్మాయి పుస్తకం తీసుకుని తలుపు దాకా వెళ్లింది.

"ఫ్యాను బంద్ చెయ్యుండ్రి, గాలికి పాచిక తిరగవడుతది," అంది నీలవేణి వెనక నుంచి. "పాచిక ఏసినప్పుడల్లా మీ బాపు గిట్లనే అనేటోడు."

సుహాసిని తిరిగి చూసి, నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ మాటను నీలవేణి రెండు వందలసార్లయినా కొట్టేసి ఉంటుంది. ఆమె లేచి ఆఫీసు ఫ్యాను ఆపేసింది.

"కూసో బిడ్డా. ఇంకా శానా ఉన్నయి, రాసుకో."