పిల్లిపాటి చెయ్యని మొగుడు

"కొత్త సీజన్లో బొమ్మలు బాగున్నాయి, కథ పర్వాలేదు. నీ గొంతే కొంప ముంచింది" అన్నాడు భర్త, తన ఛానల్లో చెప్పబోయే రివ్యూకి మైకు సర్దుకుంటూ. ఆ జపాన్ బొమ్మల సీరియల్, అదే యానిమే, నాయికకు తెలుగులో డబ్బింగ్ చెప్పింది ఆమే. పెళ్లయిన నాటి నుంచి ఆమె వంటకూ నవ్వుకూ మార్కులేస్తున్న నోరు అతనిది.

"ఎక్కడ బాలేదండీ?"

"మొదటి ఎపిసోడ్‌లో మొగుడు చచ్చిపోతే మొక్కుబడిగా ఏడ్చావు. మూడో దాంట్లో పిల్లి చస్తే మాత్రం గుండెలు పిండేశావు. మొగుడు పిల్లిపాటి చెయ్యడా?"

ఆమె మైకు వైరు చిక్కు విప్పి అతని చేతికిచ్చింది.

"డైరెక్టర్ చెప్పాడండీ. నీ మొగుడే పోయాడనుకో, ఏడుపు దానంతటదే వస్తుందన్నాడు."

"మరి అనుకోలేదా?"

"అనుకున్నానండీ. సాయంత్రం దాకా అనుకుంటూనే ఉన్నాను."