పొడి ఆకాశం

"ఈ పొద్దు పైన తేమ ఎంతుండాది సార్?"

నీళ్ల బిందె దించకముందే రంగక్క అడిగింది. ఆమె చంకలో కూతురు నిద్రపోతోంది.

గోపాలప్ప తేమ మీటరు నుంచి తల తిప్పకుండా, "చాలా తక్కువ. ఇప్పట్లో వాన మాటే లేదు," అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఏటేటా వేరుశనగ ఎండిపోతున్న ఊళ్లో ఆ మాట అంత హుషారుగా చెప్పకూడదు.

రంగక్క మాత్రం నవ్వింది. "పోనీలే సార్. మీ పని సాగుతాది కదా."

నిడుగల్లు కొండ వాలులో రేకుల షెడ్డు వేసి అతను పరీక్షిస్తున్నది బోలోమీటర్ కెమెరాని. అది ఫొటోలు తీసేది కాదు. ఎక్కడో చుక్కల దగ్గర్నుంచి వచ్చే రవ్వంత వేడిని పసిగడుతుంది. పెద్ద రేడియో టెలిస్కోపుకి బిగించేముందు దాన్ని పొడిగాలిలో సరిచూడాలి. గాలిలో తేమ చేరితే దానికి కళ్లు మూసుకుపోయినట్టే. అందుకే బెంగళూరు నుంచి వెతుక్కుంటూ ఈ కరువు తాలూకాకి వచ్చాడు. కెమెరాని చల్లగా ఉంచే హీలియం అయిపోతోంది. జూన్ దగ్గర పడుతోంది. అతనికి తిండి సహించడం లేదు. గంటకోసారి బయటికొచ్చి పడమర వైపు చూస్తున్నాడు.

రంగక్క సంగతి వంట చేసే పెద్దతిమ్మప్ప చెప్పాడు.

"దాని మొగుడు బైలప్ప పోయినేడు పంట పోయినాక బెంగళూరుకి గారపనికి పోయినాడు సార్. తొలివాన పడితే శెనక్కాయ ఏసేకి వస్తానన్నాడు. పాపం, దినామూ మిమ్మల్ని అడిగేది దానికే."

గోపాలప్ప కంచం పక్కకి జరిపాడు. వాన రాకూడదన్న తన కోరిక ఆ పిల్ల కడుపు కొట్టేది. మర్నాడు ఆమె అడిగినప్పుడు, ఓదార్పుగా ఉంటుందని, "వారంలో మబ్బు పట్టొచ్చు రంగక్కా," అన్నాడు.

ఆమె మొహం మారిపోయింది. "నిజంగానా సార్?"

"ఏమో, ఊరికే అన్నాను."

"అట్ల ఊరికే అనొద్దండి సార్," అంది. లేని ఆశ పెట్టినందుకు అతను సిగ్గుపడ్డాడు. మళ్లీ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. తేమ లేదన్న ప్రతిరోజూ ఆమె నవ్వుతూ పని చేసుకుపోయేది, కూతురితో ఆడుకునేది. తన దిగులు దాచుకుని మరొకరి పని బాగుండాలనుకునే మనిషి ఆమె అనుకున్నాడు.

ఆఖరికి ఒక ఉదయం మీటరులో తేమ పెరిగింది. మధ్యాహ్నానికి కెమెరాకి ఏమీ కనబడడం మానేసింది. కావలసిన కొలతల్లో సగం ఇంకా మిగిలే ఉన్నాయి. అయినా అతనికి ముందు రంగక్కే గుర్తొచ్చింది.

"ఈసారి నిజమేనమ్మా. రేపటికి వాన."

ఆమె గోడకి ఆనుకుని కూలబడింది. పిల్లని గుండెకి అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. గోపాలప్ప మర్యాదగా పక్కకి తిరిగాడు.

పెద్దతిమ్మప్ప తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. "సంతోషం పట్టలేకపోతాంది సార్. నేను పోయి మల్లేశప్ప అంగట్లోనించి బైలప్పకి ఫోను చేపిస్తా."

మర్నాడు వాన దంచికొట్టింది. ఊరంతా నాగళ్లు బయటికి తీసింది. గోపాలప్ప కెమెరాని పెట్టెలో భద్రం చేసి జీపు ఎక్కించాడు. మళ్లీ ఏ ఏడు కుదురుతుందో తెలియదు. ఆమె మొగుడైనా వస్తున్నాడు కదా అని మనసుకి చెప్పుకున్నాడు.

ఊరి బయట రోడ్డు మీద రంగక్క చెయ్యెత్తింది. పిల్లకి గోనెసంచి కప్పి ఉంది. కాళ్ల దగ్గర తడిసిన బట్టల మూట.

"తుమకూరు దాకా కూసోబెట్టుకుంటారా సార్?"

సామానుకి తోడుగా వెనక సీట్లో కూర్చున్న పెద్దతిమ్మప్ప నవ్వాడు. "పిచ్చిదానా, సాయంత్రం బస్సుకి నీ మొగుడు వస్తాంటే నువ్వు యాడికి పోతావే?"

రంగక్క ఊరి వైపు ఒకసారి చూసి, పిల్లని ముందు జీపులోకి ఎక్కించింది.

"వాడొస్తాండాడనే పోతాండా."