ఏడు కిలోల బంగారం

"నూట మూడు కిలోలు!" అన్నాడు కాటా దగ్గరి మనిషి, గట్టిగా.

నిర్మలాదేవికి తల కొట్టేసినట్టయింది. ఖమ్మం బజారులో బెల్లం కొట్టు కిటకిటలాడుతోంది. హెడ్మిస్ట్రెస్ బరువు అంతమందికీ చాటాలా?

మేడారం జాతర ఇంకో వారంలో ఉంది. ఆమె నిలువెత్తు బంగారం మొక్కుకుంది. తల్లులకు బంగారమంటే బెల్లమే. మనిషి బరువుకు సమంగా తూచి ఇవ్వాలి.

"పది రోజుల కింద తొంభై ఆరే కదమ్మా. బెల్లం అయిపోయిందని వాపస్ పోయినవ్, నాకు యాదుంది."

"అయితే ఏంది? మా అక్క వచ్చింది, అరిసెలు తిన్న. జల్దీ జోకు."

"అరిసెలు తింటే పది రోజుల్ల ఏడు కిలోలు రాదమ్మా. అది నీరు. పండుకుంటే ఆయాసం వస్తున్నదా?"

వస్తోంది. వారం నుంచి మూడు దిండ్లు పెట్టుకుని, కూర్చున్నట్టే నిద్రపోతోంది. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. అలాంటిది బెల్లం తూచేవాడి ముందు ఒప్పుకుంటుందా!

"గుండెకు కొత్త రక్తపరీక్ష చేయించిన. అంతా నార్మలే. ఒళ్ళు తగ్గించుకుంటే చాలన్నడు డాక్టర్."

"ఒళ్ళున్నోళ్ళకు ఆ పరీక్షల అంకె తక్కువ చూపెడతదమ్మా. గుండె అలిసిపోయినా నార్మలనే రావొచ్చు. గుండె స్కానింగ్, ఎకో తీయించుకో తల్లీ."

"నువ్వేమన్న డాక్టర్‌వా?"

"కాదమ్మా."

"మరి నోరు మూసుకొని జోకు!"

ఆయన లేచి కాటాకు అడ్డంగా నిలబడ్డాడు.

"బెల్లం జోకను. ఎకో అయినంకనే రా."

అబ్బో, ఎంత పొగరు! కొట్టు యజమాని వెంకటేశ్వరరావు టీ తాగడానికి పోయాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడికక్కడే తేల్చేసేది. ఎకో కాగితం తెచ్చి వాడి మొహాన కొట్టాలని, అక్కణ్ణుంచి సరాసరి దవాఖానాకు ఆటో ఎక్కింది.

ఒళ్ళు తగ్గించుకోమన్న డాక్టర్ బాలకృష్ణే ఎకో తీస్తూ తీస్తూ తెర ముందుకు వంగాడు.

"మేడం, మీ గుండె బలం సగానికి తగ్గింది. ఒంట్లో నీరు చేరుతోంది. ఇవాళే అడ్మిట్ కావాలి."

"మరి ఆ రక్తపరీక్ష?"

"లావుగా ఉన్నవాళ్ళకు అది తక్కువ చూపిస్తుంది. నేను ఆలోచించాల్సింది. తప్పు నాదే." అడ్మిషన్ చీటీ రాస్తూ అడిగాడు. "ఇట్లనే జాతరకు పోతే ప్రాణం మీదికొచ్చేది. ఎకో తీయించుకోమని ఎవరు చెప్పిన్రు?"

"బెల్లం జోకేటాయన," అంది నిర్మలాదేవి చిన్నగా.

ఆరు రోజుల్లో నీరు దిగింది. ఒక్క దిండు మీద హాయిగా నిద్రపోయింది. ఇంటికి వెళ్ళే దారిలోనే ధోవతి, తువ్వాలు కొని కొట్టు ముందు ఆటో దిగింది. మెట్లెక్కినా ఆయాసం రాలేదు. ఎంత సంతోషమో ఆమెకు! తిట్టిన నోటితోనే నాలుగు మంచి మాటలు చెప్పి, దండం పెట్టాలనుకుంది.

కాటా దగ్గర ఇంకెవరో కూర్చుని ఉన్నారు.

"ఆయన పొద్దుగాలే జాతరకు పోయిండు మేడం. మళ్ళ రాడు," అన్నాడు వెంకటేశ్వరరావు.

"మీ దగ్గర పని చేసేటాయన కాదా?"

"కాదు. పగిడయ్య అని దుమ్ముగూడెం కాడ ఉంటడు. జీతం వద్దు, జాతర దాకా కాటా కాడ కూసోనియ్యి చాలన్నడు."

"ఎందుకట?"

వెంకటేశ్వరరావు గొంతు తగ్గించాడు.

"పోయిన జాతరకు భార్యను ఈడనే జోకిచ్చిండు. ఆమెది లావు ఒళ్ళు, గుండె రక్తపరీక్ష నార్మలే వచ్చింది. పాపం, జాతర తొవ్వలనే పానం పోయింది; ఆ పరీక్ష సంగతి డాక్టర్లు తర్వాత చెప్పిన్రు. ముందు జోకినదానికన్న తొమ్మిది కిలోలు ఎక్కువొస్తే, తల్లులకు ఇంకింత బంగారం ఇస్తున్నమని నవ్వుకుంట బెల్లం మోసుకపోయిన మొగుడు ఆయనే, మేడం."